బెంజి కారు గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మెర్సిడెస్ బెంజ్ చరిత్ర మీద నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠకుడిగా సంతోషంగా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివితే అది మాటిమాటికీ విశేషణాల దగ్గరే ఆగింది. ‘విలాసానికి మారుపేరు’, ‘రాజసం ఉట్టిపడే’, ‘కోటీశ్వరుల కలల వాహనం’ వంటి మాటలు మొదటి పుటలోనే పదకొండు ఉన్నాయి. వాటిని ఏ ఖరీదైన కారుకు తగిలించినా సరిపోతాయి కాబట్టి, ఈ కారు గురించి అవి చెప్పేది ఏమీ లేదు. ఆ సంస్థ ఇన్నేళ్లుగా మనుషులను ఎందుకు ఆకట్టుకుంటున్నదో చెప్పాలని నువ్వు కూర్చున్నావు. దానికి సమాధానం కారు ధరలో దొరకదని, ఆ కారు కోసం పనిచేసిన చేతుల్లో దొరుకుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ ఉత్తరమంతా ఆ నమ్మకం గురించే.

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 2006లో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ మ్యూజియంలో సందర్శకులను ముందుగా లిఫ్టులో పై అంతస్తుకు తీసుకువెళతారు. అక్కడ మొదట కనిపించేది కారు కాదు, తెల్లటి గుర్రం బొమ్మ. కారు లేని లోకం ఎలా ఉండేదో గుర్తుచేసిన తరువాతే కారును చూపిస్తారు. నువ్వు మాత్రం ‘1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు’ అని మొదలుపెట్టి వెంటనే 1901కి వెళ్లిపోయావు. తేదీ సరైనదే, పేటెంటు సంఖ్య 37435 కూడా సరైనదే. కానీ ఆ వాహనానికి మూడు చక్రాలే ఉండేవనీ, దాని ఒంటి సిలిండరు ఇంజను ముప్పావు గుర్రపు శక్తిని మాత్రమే ఇచ్చేదనీ, గంటకు 16 కిలోమీటర్లు పోవడమే దానికి గొప్ప అనీ తెలియకపోతే, ఆ తేదీ పాఠకుడికి పరీక్షలో బట్టీపట్టిన జవాబులాగే మిగిలిపోతుంది. మాన్‌హైమ్ వీధుల్లో అది తిరిగినా కొనడానికి జనం ముందుకు రాలేదు. తయారు చేసినవాడికే దాన్ని దూరం తీసుకువెళ్లే ధైర్యం చాలలేదు.

అందుకే బెర్తా బెంజ్ దగ్గర నువ్వు నిలబడాలి. ‘ఆయన సతీమణి కూడా ఎంతగానో సహకరించింది’ అని ఒక్క వాక్యంతో ఆమెను దాటేశావు. ఆ వాక్యాన్ని కొట్టేసి, ఆమెకు రెండు పుటలు ఇవ్వు. పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము తెప్పించి, కార్ల్ బెంజ్‌ను ఇబ్బంది పెడుతున్న వ్యాపార భాగస్వామి వాటా కొనిపించి, ఆ కార్ఖానాను నిలబెట్టింది ఆమె. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా, పదిహేనేళ్ల యూజెన్‌ను, వాడి తమ్ముడు రిచర్డ్‌ను వెంటబెట్టుకుని, మాన్‌హైమ్ నుంచి తన పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కు ఆ మూడు చక్రాల బండి మీద బయలుదేరింది. దూరం నూరు కిలోమీటర్లకు పైమాటే. అప్పటికి అంత దూరం ఆ రకం బండిని నడిపినవారు లోకంలో ఎవరూ లేరు.

దారిలో జరిగినవాటిని ఒక్కొక్కటిగా చెప్పు, తొందరపడకు. ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే ఆమె తన టోపీ పిన్నుతో దాన్ని శుభ్రం చేసింది. తీగ ఒకటి ఒరుసుకుపోతే మేజోడు పట్టీ తీసి చుట్టింది. ఇంజను వేడికి నీళ్లు ఆవిరైపోతూ ఉంటే, నీరు కనిపించిన చోటల్లా ఆగి నింపుకున్నారు. ఇంధనం అయిపోతే విస్లోక్ అనే ఊళ్లో మందుల దుకాణానికి వెళ్లి, మరకలు తీయడానికి వాడే లిగ్రోయిన్ ద్రవాన్ని కొన్నారు. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు ఇదేనని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. గొలుసు సాగితే బ్రుక్‌సాల్‌లో కమ్మరి బాగుచేశాడు. వాలులో బ్రేకు చెక్కలు అరిగిపోతే బౌష్లాట్‌లో చెప్పులు కుట్టే పనివాడి చేత వాటి మీద తోలు కొట్టించింది. ఎత్తు వచ్చినప్పుడు పిల్లలు దిగి వెనకనుంచి తోశారు. తరువాత కార్ల్ బెంజ్ ఎత్తులు ఎక్కడానికి వీలుగా బండికి మరొక గేరు చేర్చాడు. ఈ ప్రయాణంలో బెర్తా చేసింది సాహసం మాత్రమే కాదమ్మా, అది పరీక్ష కూడా. ఏది ఎక్కడ విరుగుతుందో, ఏది ఎక్కడ చాలదో కనిపెట్టి ఇంటికి పట్టుకొచ్చింది. ఆ తరువాతి కాలంలో ఆ సంస్థకు వచ్చిన పేరంతా ఆ కమ్మరి కొలిమి దగ్గర, ఆ చెప్పుల అంగడి దగ్గర మొదలైందని నాకనిపిస్తుంది. మన పాఠకుల్లో చాలామందికి దారిలో ఆగిన బండిని తోసిన అనుభవం ఉంటుంది కాబట్టి, ఈ ఘట్టం చదువుతూ ఉంటే స్టుట్‌గార్ట్ దూరం అనిపించదు.

అదే కాలంలో బెంజ్‌తో సంబంధం లేకుండా వేరుగా ఇంజను మీద పనిచేసిన గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్‌ల గురించి నువ్వు రాసింది బాగుంది, అక్కడ పెద్దగా మార్చవలసింది లేదు. కాన్‌స్టాట్‌లో ఇంటి తోటలోని గాజు గదిలో తలుపులు వేసుకుని పనిచేస్తుంటే, వీళ్లు దొంగ నాణేలు పోస్తున్నారేమోనని తోటమాలికి అనుమానం వచ్చి పోలీసులను పిలిచిన సంగతిని కూడా చేర్చు.

‘మెర్సిడెస్’ అన్న పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ముద్దుల కూతురి పేరు పెట్టుకున్న తండ్రి ప్రేమ’ అని నువ్వు కరిగిపోయి రాశావు. ప్రేమ ఉండే ఉంటుంది, కాదనను. కానీ ఎమిల్ యెల్లినెక్ వ్యాపారి. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ధనవంతులకు డైమ్లర్ కార్లు అమ్మేవాడు, కూతురి పేరును తన మారుపేరుగా పెట్టుకుని కారు పందేల్లో పాల్గొనేవాడు. 1900 మార్చిలో నీస్ దగ్గర కొండ ఎక్కే పందెంలో విల్‌హెల్మ్ బౌవర్ అనే చోదకుడు డైమ్లర్ కారులో చనిపోయాడు. ఆ కార్లు ఎత్తుగా, బరువుగా ఉండేవి. అలాంటివి ఇక చాలు, పొడవుగా, నేలకు దగ్గరగా ఉండే కారు కావాలని యెల్లినెక్ పట్టుబట్టి, 36 కార్లకు ఒకేసారి ఆర్డరు ఇచ్చి, వాటికి ‘మెర్సిడెస్’ అన్న పేరు పెట్టించాడు. మేబాక్ దాన్ని తయారు చేశాడు. 35 గుర్రపు శక్తి గల ఆ కారు రేడియేటరులో 8,070 చిన్న గొట్టాలను తేనెపట్టులా పేర్చారు. దానివల్ల ఇంజను చల్లబడడానికి 9 లీటర్ల నీళ్లు సరిపోయాయి. పన్నెండేళ్ల కిందట బెర్తా దారి పొడవునా నీళ్లు మోసిన సంగతి చదివిన పాఠకుడికి ఈ 9 లీటర్లు ఎంత గొప్పో నువ్వు వేరే చెప్పనక్కరలేదు. వివరాలను ఇలా ఒకదానికొకటి ఎదురుగా నిలబెట్టడం నేర్చుకుంటే విశేషణాల అవసరం దానంతట అదే తగ్గిపోతుంది.

ఆ పేరు గల అమ్మాయి గురించి కూడా రెండు మాటలు రాయి. మెర్సిడెస్ యెల్లినెక్ 1889లో పుట్టి 1929 ఫిబ్రవరిలో, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎనభై నాలుగేళ్ల కార్ల్ బెంజ్ కూడా పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి కష్టకాలంలో డైమ్లర్, బెంజ్ సంస్థలు రెండూ 1926లో కలిసిపోయి, వాళ్ల పేర్లు ఒకే గుర్తులో చేరి అప్పటికి మూడేళ్లే అయింది. దీనికి నువ్వు వ్యాఖ్యానం జోడించవద్దు. తేదీలు పక్కపక్కన పెట్టి ఊరుకో.

మూడు కొనల నక్షత్రం నేలకు, నీటికి, గాలికి గుర్తు అని రాశావు, సరే. అయితే ‘వెండి బాణాలు’ అని పేరుపడిన ఆ సంస్థ పందెపు కార్లకు వెండి రంగు ఎలా వచ్చిందన్న కథను నిజమని రాసేయడం నాకు నచ్చలేదు. 1934లో నూర్‌బుర్గ్‌రింగ్ పందేనికి ముందు కారు 750 కిలోల పరిమితికి ఒక కిలో ఎక్కువ తూగిందనీ, రాత్రికి రాత్రి తెల్ల రంగు గీకేస్తే లోపలి అల్యూమినియం మెరిసిందనీ ఆ జట్టు నాయకుడు ఆల్ఫ్రెడ్ నాయ్‌బావర్ తరువాతి కాలంలో చెప్పాడు. ఆ పందేనికి అసలు ఆ బరువు నియమం వర్తించలేదని చెప్పి చరిత్రకారులు దాన్ని సందేహించారు. కథ అందంగా ఉంది కనుక వదులుకోమని నేను అనను. ‘నాయ్‌బావర్ చెప్పిన కథ’ అని రాసి, సందేహాన్నీ పక్కనే పెట్టు. ఒక సంస్థ తన గురించి ఎలాంటి కథ చెప్పుకోవాలనుకుందో పాఠకుడికి అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన చోటికి వస్తాను. నీ వ్యాసం 1934 నుంచి ఒక్క గంతులో 1954కి దూకింది. నడుమ ఇరవై ఏళ్లు ఏమైనట్టు? హిట్లర్ నిలబడి ఊరేగిన పెద్ద 770 కారు ఈ సంస్థ చేసినదే. యుద్ధకాలంలో విమానాల ఇంజన్లు, సైన్యానికి లారీలు ఈ కార్ఖానాలనుంచే వెళ్లాయి. 1944 నాటికి డైమ్లర్ బెంజ్‌లో పనిచేస్తున్న 63,610 మందిలో దాదాపు సగం మంది ఆక్రమిత దేశాలనుంచి బలవంతంగా పట్టుకొచ్చిన పౌరులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల బందీలు. ఇంటికి వెళ్లే హక్కు లేని మనుషులు ఆ నక్షత్రం కింద చెమటోడ్చారు, కొందరు ప్రాణాలు వదిలారు. సంస్థ ఈ సంగతిని 1980లలో చరిత్రకారుల చేత పరిశోధింపజేసి, 1988లో రెండు కోట్ల మార్కుల పరిహారం ప్రకటించింది. తరువాత జర్మన్ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి ఏర్పాటు చేసిన నిధిలోనూ పాలుపంచుకుంది. కారు అందం గురించి రాసే వ్యాసంలో ఇది ఎందుకని నువ్వు అడగవచ్చు. పనిచేసిన చేతుల గురించి రాస్తున్నామని ఒప్పుకున్న తరువాత, బౌష్లాట్ చెప్పుల పనివాడి చేతులను చూపించి ఈ చేతులను దాచిపెట్టడం రచయితకు తగదు. ఈ భాగాన్ని చిన్న అక్షరాల్లోనో, ‘చీకటి అధ్యాయం’ అన్న అరిగిపోయిన మాట వెనుకనో దాచవద్దు. ఆ అంకెను వాక్యం మధ్యలో స్పష్టంగా నిలబెట్టు.

1954లో న్యూయార్క్‌లో చూపించిన 300 ఎస్ఎల్ గురించి నువ్వు రాసిన పేరా చదువుతుంటే, ఆ కారును నువ్వు నిజంగా ప్రేమించావని తెలిసింది. ‘పక్షి రెక్కల్లా పైకి విచ్చుకునే తలుపులు’ అన్న మాట ఉంచు. అయితే అవి అలా ఎందుకు విచ్చుకుంటాయో కూడా రాయి. రూడల్ఫ్ ఊలెన్‌హౌట్ బృందం సన్నటి ఉక్కు గొట్టాలతో తేలికైన చట్రం కట్టింది. ఆ చట్రం గట్టిగా ఉండాలంటే పక్కల గొట్టాలు ఎత్తుగా రావాలి, అవి ఎత్తుగా వస్తే మామూలు తలుపుకు చోటు ఉండదు. అందుకే తలుపును పైకప్పుకు వేలాడదీశారు. అందం కోసం చేశారని అందరూ అనుకునేది అవసరం కోసం చేసినదని తెలిసినప్పుడు పాఠకుడికి కలిగే సంతోషం వేరు. నా మటుకు నాకు ఈ సంస్థ ఆకర్షణ అంతా ఆ ఒక్క తలుపులో ఉంది.

ఈ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన బేలా బరేనీ పేరు నీ వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు. కారు ఎంత గట్టిగా ఉంటే అంత భద్రమని అందరూ నమ్ముతున్న రోజుల్లో, ముందూ వెనుకా భాగాలు నలిగిపోవాలి, మనుషులు కూర్చునే గది మాత్రమే నలగకూడదు అని ఆయన ఆలోచించాడు. గుద్దుకున్న దెబ్బ ఇనుము నలగడంలోనే ఖర్చయిపోతే మనిషిదాకా రాదు. 1951లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఆ ఆలోచన 1959లో కారుగా రోడ్డు మీదికి వచ్చింది. ఇవాళ మనం ఎక్కే మామూలు కారులో కూడా ఆ ఆలోచన ఉంది. దీని పక్కనే 1997 నాటి ఓటమిని కూడా పెట్టు. కొత్తగా వచ్చిన చిన్న ఏ-క్లాస్ కారును స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు హఠాత్తుగా పక్కకు తిప్పి పరీక్షిస్తే అది బోల్తాపడింది. సంస్థ మొదట తడబడినా, తరువాత కార్ల సరఫరా ఆపి, అప్పటిదాకా పెద్ద కార్లలో మాత్రమే ఉండే, కారు జారిపోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థను ఆ చిన్న కారులో కూడా తప్పనిసరిగా అమర్చింది. ఇనుప వస్తువు చరిత్రలో కూడా తప్పు దిద్దుకున్న చోటే కథకు ప్రాణం ఉంటుంది.

చివరగా నీ మొదటి వాక్యం దగ్గరికి వస్తాను: ‘బెంజి అంటే డబ్బున్నవాడి కారు.’ జర్మనీలో రైలు దిగి బయటికి వచ్చినవాడికి లేత దంతపు రంగు టాక్సీల వరుసలో ఆ నక్షత్రం కనిపిస్తుంది. గ్రీసు దేశంలో థెస్సలొనీకి నగరానికి చెందిన ఒక టాక్సీ డ్రైవరు తన డీజిల్ బెంజిని 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో సంస్థ మ్యూజియానికి ఇచ్చాడు. మన దేశంలో తయారైన బళ్లలో కూడా ఆ నక్షత్రం ముందు వచ్చింది కారు మీద కాదు. 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేశారు. ఆ ఒప్పందం ముగిసిన 1969 దాకా ఆ లారీల ముఖం మీద మూడు కొనల నక్షత్రమే ఉండేది. పుణెలో బెంజి కార్లు తయారవడం 1995లో మొదలైంది. నేను చిన్నవాణ్ణిగా ఉన్నప్పుడు మా ఊరి మిల్లు ముందు ధాన్యం బస్తాలు ఎత్తుతున్న లారీ మీద ఆ నక్షత్రాన్ని మొదటిసారి చూశాను. డ్రైవరు పొద్దున్నే తడిగుడ్డతో దాన్ని తుడిచి, పసుపు కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ లారీ మోయలేని బరువు లేదని మా ఊళ్లో అందరికీ నమ్మకం. విజయవాడలో ఆటో ఎక్కి బెంజి సర్కిల్ అని చెప్పే మనిషికి ఆ పేరు పరాయి మాటగా తోచదు.

కాబట్టి ఆ మొదటి వాక్యం తీసేయి. వ్యాసాన్ని విస్లోక్ మందుల దుకాణం గడప దగ్గర మొదలుపెట్టు. దుమ్ము కొట్టుకుపోయిన ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, బయట ఆగి ఉన్న బండి, సీసాల్లో ఎంత ఉంటే అంతా ఇమ్మని అడగడం, ఇవి చాలు. తిరగరాసిన ప్రతిని పంపు. ఈసారి పెన్సిలు లేకుండా చదువుతాను. అందులో మన లారీ తప్పకుండా ఉండాలి.

నీ శ్రేయస్సు కోరే
పెద్దవాడు