తాతగారి కెమెరాలో చీకటి

ప్రశ్న: మా తాతగారికి సుల్తాన్‌బజార్‌లో ఫొటో స్టూడియో ఉండేది. అటక సర్దుతుంటే ఆయన కెమెరా దొరికింది. 'పేస్‌మేకర్ స్పీడ్ గ్రాఫిక్' అట. లెన్స్ తెరిచినా వెనక అద్దంలో ఏమీ కనిపించడం లేదు. రిపేరు షాపతను చూసి "లోపలంతా పోయింది, షోకేసులో పెట్టుకోవడానికే, రెండు వేలిస్తా" అన్నాడు. ఇచ్చేయమంటారా? – ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఆగండమ్మా! ఆ కెమెరాకి రెండు షట్టర్లు. ఒకటి లెన్స్‌లో ఉంటుంది. రెండోది ఫిల్ముకు ముందు, దుకాణం షట్టర్‌లా కిందికి దిగే నల్లగుడ్డ. అది మూసుకుని ఉంటే లెన్స్ ఎంత తెరిచినా చీకటే. గుడ్డలోని పెద్ద ఖాళీ ఎదురొచ్చేదాకా పక్కనున్న కీ మెల్లగా తిప్పండి. బిగుసుకుంటే బలవంతం చేయొద్దు, నూనె చుక్క అసలే వద్దు. అద్దంలో మీ వాకిలి తలకిందులుగా కనిపించిందంటే కెమెరా బతికే ఉంది. గుడ్డ చిరిగినా దిగులు లేదు, దాన్ని పైకి తీసి ఉంచితే లెన్స్ షట్టరే చాలు. అదే కంపెనీ క్రౌన్ గ్రాఫిక్‌లో ఈ గుడ్డే ఉండదు.

ఇది 1947 నుంచి అమెరికాలోని రాచెస్టర్‌లో తయారైన మోడల్. ఫిల్ము 4×5 అంగుళాలు, అంటే మామూలు 35 ఎం.ఎం. ఫ్రేముకు దాదాపు 15 రెట్లు. లెన్స్‌ని కాస్త పైకి జరిపితే చార్మినార్ మినార్లు వెనక్కి వాలకుండా నిటారుగా వస్తాయి. రెండు వేలకు ఇవ్వాల్సిన వస్తువేనా?

రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, బెల్లోస్ (లెన్స్‌కీ కెమెరా పెట్టెకీ మధ్య మడతలుగా ఉండే నల్ల గొట్టం) లోపల టార్చి వెలిగించండి. మడతల మూలల్లో చుక్కలు మెరిస్తే అవి చిల్లులు. ఫిల్ము ఖరీదెక్కువ, ముందు బ్లాక్ అండ్ వైట్ ఫొటో పేపర్ ముక్కతో ప్రయత్నించండి. ఎర్రలైటులోనే లోడ్ చేసుకోవచ్చు.

ఇంకోమాట. అటక మీద చప్పటి నల్ల పలకలుంటే పారేయకండి, అవి ఫిల్ము హోల్డర్లు. వాటిలో జారే రేకు అంచు ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా ఉంటుంది. తెలుపు బయటికుంటే ఫొటో తీయని ఫిల్ము, నలుపు బయటికుంటే తీసేసినది. ఆబిడ్స్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఓ పెళ్లిలో రేకు తిప్పడం మరిచాను. ఒకే ఫిల్ము మీద రెండు ఫొటోలు పడి, పెళ్లికొడుకు నెత్తిమీంచి హోమం పొగ లేచింది! ఆ వారం జీతం లేదు.

మీకు నలుపు అంచు కనిపిస్తే మాత్రం వెలుతురులో లాగకండి. తాతగారు తీసి, కడగని ఫొటో అందులో ఉండి ఉండొచ్చు.