తెలుగు రైడింగ్ గ్రూప్ జాకెట్ వెనక మూడు ముక్కల ప్యాచ్, కింద ‘టెక్సాస్’ అని వేయించుకోవచ్చా?

వద్దు. డిజైన్ ఇంకా ఎంబ్రాయిడరీ షాపుకి వెళ్లకపోతే అక్కడే ఆపేయండి. మీరు రాసినదాన్ని బట్టి పైన వంపు పట్టీ మీద గ్రూప్ పేరు, మధ్యలో పులి, కింద ఇంకో వంపు పట్టీ మీద ‘టెక్సాస్’, పక్కన చిన్న చతురస్రంలో ‘ఎం.సి.’, అంటే మోటార్‌సైకిల్ క్లబ్. డాలస్‌లో ఆదివారం పొద్దున్నే టిఫిన్‌కి కలిసి వెళ్లే స్నేహితుల వీపు మీద ఉండాల్సింది అది కాదు. చట్టం అడ్డు చెప్పదు, అమెరికాలో ఇలాంటి ప్యాచ్ వేసుకునే హక్కు మీకుంది. ఇబ్బంది వచ్చేది అదే రోడ్ల మీద ఎప్పటినుంచో తిరుగుతున్న క్లబ్బులతో.

హైదరాబాద్‌లో, వైజాగ్‌లో బుల్లెట్ గ్రూపులవాళ్లు ఊరి పేరు వీపు మీద వేసుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆ మూడు ముక్కలకీ, పక్కనున్న ‘ఎం.సి.’కీ ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉంది. పై పట్టీ, అంటే టాప్ రాకర్, క్లబ్ పేరు చెబుతుంది. మధ్యలోది క్లబ్ గుర్తు. కింది పట్టీ, అంటే బాటమ్ రాకర్, ‘ఈ ఇలాకా మాది’ అని చాటుతుంది. గొడవలన్నీ ఎక్కువగా దీని దగ్గరే మొదలవుతాయి. ఇక ‘ఎం.సి.’ అని పెట్టుకునే సంప్రదాయ క్లబ్బులో డబ్బు కట్టి సభ్యులు కాలేరు. ముందు హ్యాంగరౌండ్‌గా వెంట తిరగాలి, తర్వాత ప్రాస్పెక్ట్‌గా చెప్పిన పనల్లా చేయాలి. ప్రాస్పెక్ట్ వీపు మీద మధ్య గుర్తు ఉండదు. సభ్యులు ఓటు వేసి ఒప్పుకున్నాకే పూర్తి ప్యాచ్ చేతికొస్తుంది. వచ్చాక కూడా అది క్లబ్ ఆస్తే, మానేసిన రోజున తిరిగి ఇచ్చేయాలి. అంత పడి తెచ్చుకున్నవాడి ముందుకు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించుకున్న అదే ఆకారంతో వెళ్తే అతను దాన్ని అవమానంగానే తీసుకుంటాడు. అతని వైపు నుంచి చూస్తే అందులో న్యాయం లేకపోలేదు.

మీ డిజైన్‌లో లేదు కానీ, ఎవరైనా సరదాగా చేర్చకుండా ముందే చెబుతున్నా: డైమండ్ ఆకారంలో ‘1%’ ఎప్పుడూ వద్దు. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ పట్టణంలో బైక్ ర్యాలీ అదుపు తప్పింది. ఆ తర్వాత అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ ‘బైకర్లలో 99 శాతం మంది చట్టాన్ని పాటించేవాళ్లే’ అని చెప్పిందన్న మాట ప్రచారంలోకి వచ్చింది. అలా అన్నట్టు తమ దగ్గర ఏ రికార్డూ లేదని ఆ సంఘం చెబుతుంది. అన్నా అనకపోయినా, మిగిలిన ఆ ఒక్క శాతం మేమేనని ఔట్‌లా క్లబ్బులు, అంటే చట్టాన్ని లెక్కచేయని క్లబ్బులు, గుర్తు కుట్టించుకున్నాయి. వాళ్లు కాని వాళ్లు అది వేసుకుంటే లాక్కుంటారు, కొడతారు కూడా.

రంగుల విషయంలోనూ జాగ్రత్త. తెలుపు మీద ఎరుపు 1948లో కాలిఫోర్నియాలో పుట్టిన హెల్స్ ఏంజెల్స్ క్లబ్‌ది. 81 అంకె కూడా వాళ్లదే, ఇంగ్లిష్ అక్షరమాలలో ఎనిమిదోది హెచ్, ఒకటోది ఏ. ‘సపోర్ట్ 81’ టీషర్టులు ఎవరైనా కొనుక్కోవచ్చు, కానీ వాళ్ల ప్రత్యర్థుల ఇలాకాలో వేసుకు తిరగొద్దు. హెల్స్ ఏంజెల్స్ రెక్కల పుర్రె రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్. 2010లో అలాంటి బొమ్మ వాడారని అలెగ్జాండర్ మెక్‌క్వీన్ ఫ్యాషన్ సంస్థ మీదే దావా వేశారు. నలుపు తెలుపుల్లో పుర్రె, దాని వెనక అడ్డంగా రెండు పిస్టన్లు ఉంటే ఔట్‌లాస్ అనే క్లబ్. ఎరుపు బంగారు రంగులు, కత్తి తుపాకీ పట్టుకున్న సొంబ్రెరో మనిషి ఉంటే బాండిడోస్. వీళ్లు 1966లో టెక్సాస్‌లోనే పుట్టారు, అందుకే మీకు ముఖ్యం. మేరీలాండ్‌లో మొదలైన పేగన్స్ అయితే బాటమ్ రాకరే పెట్టుకోరు.

కింద ‘టెక్సాస్’ ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి వేకోలో జరిగింది చాలు. ఆ ఊరు మీ ఊరి నుంచి ఆస్టిన్ వెళ్లే ఐ-35 హైవే మీదే ఉంది. 2015 మే 17న అక్కడి ట్విన్ పీక్స్ రెస్టారెంట్ దగ్గర బాండిడోస్‌కీ కోసాక్స్ అనే ఇంకో క్లబ్‌కీ మధ్య కాల్పులు జరిగాయి. పోలీసులూ కాల్చారు. మొత్తం 9 మంది చనిపోయారు, 177 మందిని అరెస్టు చేశారు. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు, 2019లో మిగిలిన కేసులు కూడా ఎత్తేశారు. ఆ పగ పెరగడానికి పోలీసులు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి, బాండిడోస్ ఒప్పుకోకుండా కోసాక్స్ ‘టెక్సాస్’ బాటమ్ రాకర్ వేసుకోవడం. అరెస్టయిన వాళ్లలో ఏ గొడవతోనూ సంబంధం లేక, జైల్లో పడి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఒక్క అరెస్టు ఎంత దూరం వెళ్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మరి ఏం వేయించుకోవాలి? ఒకే ముక్క, గుండ్రంగా లేదా డాలు ఆకారంలో, 8 నుంచి 9 అంగుళాలు మించకుండా. గ్రూప్ పేరు, పులి రెండూ ఆ ఒక్క ముక్కలోనే. పేరు తెలుగు లిపిలో ఉంటే మరీ మంచిది, ఏ క్లబ్‌నూ పోలదు. ‘రైడింగ్ గ్రూప్’ అని ఇంగ్లిష్‌లో పూర్తిగా రాయండి. ఊరి పేరు కావాలంటే ఛాతీ మీద చిన్న పట్టీగా ‘డాలస్’ చాలు, వంపు లేకుండా నేరుగా ఉండాలి. నీలం, ఆకుపచ్చ లాంటి రంగులు ఎంచుకోండి. హార్లీ ఓనర్స్ గ్రూప్ వాళ్లకి గద్ద కింద చాప్టర్ పేరుతో రాకర్ ఉంటుంది కదా అని అడుగుతారేమో. అది కంపెనీ గ్రూప్ అని అందరికీ తెలుసు, మీ గ్రూప్ ఎవరికీ తెలియదు.

కుట్టించేటప్పుడు ఎక్కువమంది పాడుచేసుకునేది తోలు జాకెట్టే. ఇస్త్రీతో అంటించే రకం వద్దు: వేడికి తోలు ముడుచుకుంటుంది, ఎండకి జిగురు వదిలేస్తుంది. లైనింగ్ అడుగు కుట్టు విప్పి, ప్యాచ్‌ని తోలుకి మాత్రమే కుట్టమనండి. లైనింగ్‌తో కలిపి కుడితే లోపలి జేబు మూసుకుపోతుంది. లెదర్ సూది 16 లేదా 18 నంబరు, బాండెడ్ నైలాన్ దారం, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. కుట్లు మరీ దగ్గరగా పడితే తోలు చెక్కు పుస్తకం కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది. గుండుసూదులు గుచ్చొద్దు, ఆ చిల్లులు పూడవు. టేపుతో పట్టించి, జాకెట్ తొడుక్కుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాపి, అప్పుడు చాక్‌పీసుతో గుర్తు పెట్టించండి. నిలబడి పెడితే బండెక్కాక ప్యాచ్ పైకి జరిగి వంకరగా కనిపిస్తుంది. డెనిమ్ అయితే ముందు ఒకసారి ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే గుడ్డ కుంచించుకుపోయి ప్యాచ్ ఉబ్బుతుంది.

పెట్రోల్ బంకు దగ్గర ప్యాచ్ ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి అడిగితే ‘ఫ్యామిలీ రైడింగ్ గ్రూప్, ఎం.సి. కాదు, ఇలాకా ఏమీ లేదు’ అని మర్యాదగా చెప్పండి, సాధారణంగా అంతటితో పోతుంది. వాళ్ల ప్యాచ్ ఉన్న చేతుల్లేని జాకెట్ (వెస్ట్) కుర్చీకి వేలాడుతున్నా ముట్టుకోవద్దు, అడగకుండా ఫొటో తీయొద్దు.

మీ గ్రూప్‌లో ఒకరు ఆక్లాండ్ మారుతున్నారని రాశారు. న్యూజిలాండ్‌లో 2024 నవంబర్ 21 నుంచి గ్యాంగుల ప్యాచ్‌లు బహిరంగంగా వేసుకోవడం నేరం. మీ పులి ఆ నిషేధంలోకి రాదు. కానీ ఇక్కడ సరదాగా కొన్న ‘సపోర్ట్’ టీషర్టులేమైనా ఉంటే సూట్‌కేసులో పెట్టుకోవద్దని ఆయనకి చెప్పండి.