రెయిన్‌మీటర్‌లో తెలుగు, ఒడియా అక్షరాలు పాడైతే ఏం చేయాలి?

పర్లాకిమిడిలో షాపు కౌంటర్ కంప్యూటర్ మీద రెయిన్‌మీటర్ (విండోస్ తెర మీద గడియారం లాంటివి చూపించే ప్రోగ్రాం) గడియారం పెట్టి, వారం పేరు పైన తెలుగులో, కింద ఒడియాలో రావాలని స్కిన్ ఫైల్లో (ఆ గడియారం ఎలా కనబడాలో రాసుండే ఫైల్లో) టైపు చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయని అడిగారు. స్కిన్ మంచిదే, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. తేడా అంతా ఫైల్ సేవ్ చేసిన తీరులో ఉంది.

ముందు తెర మీద ఏం కనబడుతోందో దగ్గరగా చూడండి. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిషు ఏ, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇవే మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఫైల్ యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (కంప్యూటర్ అక్షరాలని దాచుకునే పద్ధతిలో) సేవ్ అయింది. అందులో ఒక్కో తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు. రెయిన్‌మీటర్ ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలుగా చదివేస్తుంది. 2019 నుంచి విండోస్ 10 నోట్‌ప్యాడ్ మామూలుగా సేవ్ చేసేది యూటీఎఫ్-8లోనే కాబట్టి ఎక్కువమందికి వచ్చేది ఇదే. ఇందులో మీరు కొట్టిన అక్షరాలు ఫైల్లో భద్రంగానే ఉంటాయి.

అలా కాక వరసగా ప్రశ్నార్థకాలే వస్తే తెలుగు అక్షరాలకి చోటు లేని ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసినట్టు. అప్పుడు అక్షరాలు పోయినట్టే. ఎన్‌కోడింగ్ మార్చినా తిరిగి రావు, మళ్ళీ టైపు చేయాల్సిందే.

స్కిన్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ స్కిన్ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ తీసుకుని, కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-16 ఎల్ఈ ఎంచుకోండి. విండోస్ 7లో దాని పేరు ఉత్త యూనికోడ్. ఫైల్ టైపు 'ఆల్ ఫైల్స్' పెట్టకపోతే చివర టీఎక్స్‌టీ తగులుకుని వేరే ఫైల్ తయారవుతుంది. పాతదాని మీదే సేవ్ చేసి, స్కిన్‌ని రిఫ్రెష్ చేయండి. షాపు పేరు లాంటివి స్కిన్‌కి జతగా ఉండే వేరియబుల్స్ ఫైల్లో రాసుంటే దాన్ని కూడా విడిగా ఇలాగే సేవ్ చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

వారాల పేర్లకి స్కిన్ ఫైల్లో రెండు టైమ్ మెజర్లు (టైము, వారం లెక్క తెచ్చిచ్చే భాగాలు) పెట్టుకోండి, తెలుగుకొకటి, ఒడియాకొకటి. రెండింటిలోనూ ఫార్మాట్ దగ్గర పర్సెంట్ గుర్తు, చిన్న డబ్ల్యూ రాస్తే ఆదివారానికి 0 నుంచి శనివారానికి 6 వరకు అంకె వస్తుంది. సబ్‌స్టిట్యూట్ లైన్లో ఆ అంకెకి బదులు పేరు ఇవ్వండి. కొటేషన్ గుర్తులు కీబోర్డు మీద నేరుగా కొట్టినవే ఉండాలి. వాట్సాప్ నుంచి కాపీ చేసిన వంకర గుర్తులతో ఆ లైను పనిచేయదు.

రెండు భాషల అక్షరాలూ ఒక మందంలో రాకపోతే రెండు మీటర్లలోనూ (ఆ పేర్లని తెర మీద చూపించే భాగాల్లో) ఫాంట్ పేరు నిర్మల యూఐ ఇవ్వండి. విండోస్ 8 నుంచి వస్తున్న ఈ ఫాంట్‌లో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. విండోస్ 7 అయితే తెలుగుకి గౌతమి లేదా వాణి, ఒడియాకి కళింగ. సోమవారం బాగానే ఉండి మంగళవారానికి చివరి అక్షరం తెగిపోతే, స్కిన్ ఫైల్లో రెయిన్‌మీటర్ అని పేరున్న సెక్షన్‌లో డైనమిక్‌విండోసైజ్‌కి 1 ఇవ్వండి. అది లేకపోతే స్కిన్ లోడైనప్పటి వెడల్పే ఉండిపోతుంది.

4 జీబీ ర్యామ్ కంప్యూటర్ నెమ్మదిస్తుందన్న భయం గడియారంతో అక్కర్లేదు. స్కిన్ ఫైల్లో అప్‌డేట్ 1000 అంటే వెయ్యి మిల్లీసెకన్లు, అంటే సెకనుకోసారి. వారం మెజర్‌కి అప్‌డేట్‌డివైడర్ 60 ఇస్తే నిమిషానికోసారి చూస్తుంది, చాలు. బరువంతా పాటకి ఎగిరే గీతల స్కిన్లతోనే, బిల్లింగ్ కంప్యూటర్‌లో అవి వద్దు. పాత వాతావరణం స్కిన్లు కొన్ని ఖాళీగా కనబడతాయి. యాహూ వెదర్ పాత సర్వీసు 2019 జనవరిలో ఆగిపోయింది కాబట్టి, దాని మీద నడిచినవి ఎంత సరిచేసినా బతకవు.

మొత్తం విండోస్ రూపమే మార్చే థీమ్‌ల కోసం సిస్టమ్ ఫైళ్ళని ప్యాచ్ చేయకండి. పెద్ద అప్‌డేట్ వస్తే ఆ ఫైళ్ళు మారిపోయి, లాగిన్ దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. స్కిన్ అని చెప్పి ఈఎక్స్ఈ ఫైల్ ఇస్తే అసలు తెరవద్దు, రెయిన్‌మీటర్ ప్యాకేజీ చివర ఆర్ఎంస్కిన్ అని ఉంటుంది. అంతా కుదిరాక డాక్యుమెంట్స్‌లో ఉన్న రెయిన్‌మీటర్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అక్కడ కనబడకపోతే వన్‌డ్రైవ్ లోపలి డాక్యుమెంట్స్‌లో చూడండి.