పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వాషింగ్టన్ అనే ఇంటిపేరు

ప్రశ్న: అమెరికా తొలి అధ్యక్షుడి ఇంటిపేరు నిజానికి ఇంగ్లండులోని ఒక ఊరి పేరని విన్నాను. ఊరి పేరు ఒక కుటుంబానికి ఇంటిపేరుగా ఎలా స్థిరపడింది? ఆ పేరున్న వారందరూ ఒకే వంశం వారని అనుకోవచ్చా?

జవాబు: మీరు విన్నది నిజమే. ఇంగ్లండు ఈశాన్య భాగంలో, వియర్ నదికి ఉత్తరాన వాషింగ్టన్ అనే పాత ఊరు ఉంది. పూర్వం అది డరమ్ కౌంటీలోది. ఇప్పుడు సండర్లాండ్ నగర పరిధిలోకి వస్తుంది. 12వ శతాబ్దంలో విలియం అనే భూస్వామి తన అధీనంలోని హెర్ట్‌బర్న్ అనే ఊరిని డరమ్ బిషప్‌కు వదిలి, దానికి బదులుగా ఈ ఊరిని తీసుకున్నాడు. బిషప్ ఆస్తుల వివరాలతో 1183లో తయారైన బోల్డన్ బుక్ అనే దస్తావేజులో ఈ మార్పిడి నమోదై ఉంది. అంతవరకు హెర్ట్‌బర్న్ విలియంగా ప్రసిద్ధుడైన ఆయన, ఊరు మారగానే వెసింగ్టన్ విలియం అయ్యాడు. వాషింగ్టన్ అనే మాటకు అప్పటి రూపం అదే. ఆ కాలంలో ఇంటిపేరు రక్తసంబంధం కంటే భూమినే ఎక్కువగా అంటిపెట్టుకుని ఉండేదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

నార్మన్లు 1066లో ఇంగ్లండును జయించిన తరువాత, భూములున్న కుటుంబాలలో ముందుగా ఇంటిపేర్లు నిలదొక్కుకున్నాయి. సామాన్యులలో ఆ అలవాటు మెల్లగా వ్యాపించి, సుమారు 1400 నాటికి దేశంలో చాలామందికి వంశపారంపర్యమైన పేరు ఏర్పడింది. అయితే ఊరి పేరు భూస్వామి ఒక్కడి సొత్తు కాదు. బతుకుతెరువు కోసం ఆ ఊరు విడిచి మరో చోటికి చేరిన రైతునో, కమ్మరినో కూడా కొత్త ఊరివారు అతడు వచ్చిన ఊరి పేరుతోనే పిలిచేవారు. పైగా దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో వాషింగ్టన్ అనే మరో ఊరు ఉంది. కాబట్టి ఆ పేరున్న ఇద్దరు ఇంగ్లీషువారు బంధువులై ఉండవచ్చు, అసలు సంబంధం లేనివారూ కావచ్చు. పేరు ఒక్కటే చూసి ఆ సంగతి తేల్చలేము.

ప్రశ్న: ఆ కుటుంబం సముద్రం దాటి వర్జీనియాకు ఎందుకు వెళ్ళింది? పేదరికమా, సాహసమా?

జవాబు: రెండూ కొంతవరకు కారణమే, కాని అసలు కారణం రాజకీయం. డరమ్ నుంచి విడిపోయిన ఒక శాఖ లాంకషైర్‌లోని వార్టన్ ప్రాంతంలో స్థిరపడింది. ఆ శాఖకు చెందిన లారెన్స్ వాషింగ్టన్ నార్తాంప్టన్‌కు వచ్చి ఉన్ని వ్యాపారంలో రాణించాడు, ఆ పట్టణానికి మేయరు కూడా అయ్యాడు. ఎనిమిదవ హెన్రీ రాజు క్రైస్తవ మఠాలను రద్దు చేసి వాటి భూములను అమ్మినప్పుడు, 1539లో సల్‌గ్రేవ్ అనే ఊరి భూములను కొని అక్కడ భవనం కట్టించాడు. ఆ భవనం నేటికీ నిలిచి ఉంది, సందర్శకులు లోపలికి వెళ్ళి చూడవచ్చు.

ఆ సంపద ఎక్కువ తరాలు నిలవలేదు. ఆ వంశంలోనే పుట్టిన మరొక లారెన్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, ఎసెక్స్‌లోని పర్లీ అనే ఊరి చర్చికి అధిపతి అయ్యాడు. రాజుకు, పార్లమెంటుకు మధ్య జరిగిన ఇంగ్లండు అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షం వారు 1643లో ఆయనను ఆ పదవి నుంచి తొలగించారు. సారాయి దుకాణాలకు తరచూ వెళ్తాడన్నది వారు మోపిన నేరం; రాజు పక్షాన ఉన్న మతాధికారుల మీద అప్పట్లో అలాంటి ఆరోపణలు విరివిగా వచ్చేవి. జీవనాధారం కోల్పోయిన ఆయన 1653లో చనిపోయాడు. పెద్ద కొడుకు జాన్ కొన్నేళ్ళకు పొగాకు వ్యాపారం చేసే ‘సీ హార్స్’ అనే ఓడలో ఉద్యోగిగా వర్జీనియాకు బయలుదేరాడు. 1657లో తిరుగు ప్రయాణం మొదలుపెట్టిన ఆ ఓడ పొటోమాక్ నదిలో ఇసుక మేటకు తగిలి ఆగిపోయింది, సరుకు పాడైంది. జాన్ అక్కడే ఉండిపోయాడు. స్థానిక భూస్వామి నథానియల్ పోప్ కుమార్తె ఆన్‌ను పెళ్ళి చేసుకోగా, మామ వారికి 700 ఎకరాలు ఇచ్చాడు. ఆ జాన్‌కు మునిమనుమడే 1732లో పుట్టిన జార్జి వాషింగ్టన్.

ఇంగ్లండులోని వంశావళి అధికారి సర్ ఐజాక్ హర్డ్ ఈ పూర్వీకుల సంగతులు అడిగినప్పుడు, తాను ఆ విషయం మీద చాలా తక్కువ శ్రద్ధ పెట్టానని అధ్యక్షుడు 1792లో జవాబు రాశాడు. తన ముత్తాత ఉత్తర ఇంగ్లండు కౌంటీలలో ఏదో ఒకదాని నుంచి వచ్చి ఉంటాడన్నంత వరకే ఆయనకు తెలుసు. మూడు తరాలు గడిచేసరికి ఓడ ఎక్కినవారి ఊరు సొంత ఇంటివారికే గుర్తులేకుండా పోవడం వలసల చరిత్రలో తరచుగా జరిగేదే.

ప్రశ్న: అమెరికాలో నేడు వాషింగ్టన్ అనే ఇంటిపేరు గలవారిలో అత్యధికులు నల్లజాతివారని చదివాను. వారందరూ అధ్యక్షుడి దగ్గర బానిసలుగా ఉన్నవారి సంతతేనా?

జవాబు: ఈ పేరు చరిత్రలో అందరూ తెలుసుకోవలసిన భాగం ఇదేనని నేను భావిస్తాను. 2000 సంవత్సరపు జనగణనలో ఈ ఇంటిపేరు గలవారు 1,63,036 మంది ఉండగా, వారిలో సుమారు 90 శాతం ఆఫ్రికన్ అమెరికన్లు. జార్జి వాషింగ్టన్‌కు సంతానం లేదు. ఆయన చనిపోయిన 1799లో, వర్జీనియాలోని ఆయన వ్యవసాయ క్షేత్రమైన మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలుండగా, చట్టప్రకారం ఆయన సొంతమైన 123 మందికి విముక్తి కల్పిస్తూ వీలునామా రాశాడు. ఇంత కొద్దిమంది నుంచే అంత పెద్ద సంఖ్య వచ్చిందని చెప్పలేము. ఆ కుటుంబపు ఇతర శాఖల తోటలలో పనిచేసిన వారిలో కొందరు ఈ పేరు తీసుకుని ఉంటారు. అయితే అమెరికా అంతర్యుద్ధం ముగిసి 1865లో విముక్తి వచ్చినప్పుడు, ఇంటిపేరు నమోదు చేసుకోవలసి వచ్చిన చాలామంది దేశంలో గౌరవం గల పేరుగా దీనిని తామే ఎంచుకున్నారు.

నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ఉదాహరణ ప్రసిద్ధమైనది. వర్జీనియాలో బరోస్ అనే కుటుంబం దగ్గర బానిసగా పుట్టిన ఆయనకు, బడిలో చేరేనాటికి ఇంటిపేరు లేదు. మిగతా పిల్లలు రెండేసి పేర్లు చెప్పడం విని, తన వంతు వచ్చేసరికి బుకర్ వాషింగ్టన్ అని చెప్పానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన సవతి తండ్రి మొదటి పేరు కూడా వాషింగ్టనే. అధ్యక్షుడి కుటుంబంతో గాని, ఆ ఇంగ్లీషు ఊరితో గాని ఆయనకు ఏ బంధుత్వమూ లేదు. అలాగని ఆ పేరు ఆయనకు అరువు పేరు అనడం అన్యాయం. 12వ శతాబ్దపు విలియం కూడా పుట్టుకతో ఆ పేరు పొందినవాడు కాడు.

మరొకరి కథ ఇంకా దూరం వెళ్తుంది. హ్యారీ వాషింగ్టన్ ఆఫ్రికాలో పుట్టి, బానిసగా అమ్ముడై మౌంట్ వెర్నన్ చేరాడు. స్వాతంత్ర్య యుద్ధకాలంలో యజమాని అమెరికన్ సేనను నడుపుతుండగా, హ్యారీ తప్పించుకుని బ్రిటిష్ పక్షంలో చేరాడు. 1783లో ఓడిపోయిన బ్రిటిష్ వారితో పాటు నోవా స్కోషియాకు, అక్కడి నుంచి 1792లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు వలస వెళ్ళాడు. అక్కడ ఆ వలసను పాలించిన సియెర్రా లియోన్ కంపెనీ విధించిన భూమి పన్నులకు వ్యతిరేకంగా 1800లో తిరుగుబాటు చేసిన వారిలో ఒకడై దేశ బహిష్కరణకు గురయ్యాడు. అట్లాంటిక్‌ను రెండుసార్లు దాటిన ఈ మనిషితో పాటే ఒక డరమ్ ఊరి పేరు ఆఫ్రికా తీరానికి చేరింది.

ప్రశ్న: అమెరికా జెండాలోని నక్షత్రాలు, చారలు ఈ కుటుంబపు చిహ్నం నుంచి వచ్చాయంటారు. నిజమేనా?

జవాబు: తెల్లని నేపథ్యం మీద రెండు ఎర్ర పట్టీలు, వాటి పైన మూడు ఎర్ర నక్షత్రాలు ఆ కుటుంబపు చిహ్నం. జాతీయ జెండా దాని నుంచి పుట్టిందనడానికి ఆధారాలు లేవు. రాజధాని ప్రాంతమైన కొలంబియా జిల్లా మాత్రం 1938లో ఆ చిహ్నాన్నే తన జెండాగా స్వీకరించింది.

ప్రశ్న: ఇంగ్లీషు ఇంటిపేరు గల ఒక కుటుంబం తన పూర్వీకులను వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చాలామంది ముందుగా ఆ పేరుతో చరిత్రలో ప్రసిద్ధులైనవారిని పట్టుకుని అక్కడి నుంచి కిందికి రావాలని చూస్తారు. దయచేసి అలా చేయవద్దు. ఇంట్లో ఉన్న పత్రాలతో మొదలుపెట్టి, ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్ళాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో జననమరణాల, వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. అంతకు ముందటి వివరాలకు చర్చి రిజిస్టర్లు ఆధారం, వాటిని రాయాలన్న ఉత్తర్వు 1538 నాటిది. అక్షరక్రమం ఒకేలా ఉండదని గుర్తుంచుకోవాలి. వెసింగ్టన్, వాషింగ్టన్ ఒకటే అయినప్పుడు ఇతర పేర్ల సంగతి చెప్పనక్కరలేదు. ‘మీ ఇంటిపేరుకు చెందిన కులచిహ్నం’ అంటూ అమ్మే బొమ్మలను కొనవద్దు. ఇంగ్లండులో అలాంటి చిహ్నం ఒక వ్యక్తికి, అతని వారసులకు ఇచ్చేదే తప్ప, ఆ పేరున్న వారందరికీ చెందేది కాదు.

బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాల వారికి 1870 జనగణన తొలి మెట్టు, ఎందుకంటే 1850, 1860 లెక్కలలో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాసి లెక్కించారు. అంతకు వెనక్కి వెళ్ళాలంటే భూస్వాముల వీలునామాలు, ఆస్తి జాబితాలు చూడక తప్పదు. అక్కడ మనుషులు పశువుల, పనిముట్ల పక్కన మొదటి పేరుతోను, వెలతోను నమోదై కనిపిస్తారు. ఇంటిపేరు ఆ పుటలలో అక్కరకు రాదు గనుక వయసు, తల్లి పేరు, చేసిన పని, ఎవరి నుంచి ఎవరికి చేతులు మారారన్న వివరాలను సరిపోల్చుకుంటూ వెతకాలి.