కేసు విజయవాడలో, భర్త డల్లాస్‌లో

ప్రశ్న: డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మనస్పర్థలు వచ్చి నా భార్య నిరుడు విజయవాడలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఈమధ్య నా మీద, అమ్మానాన్నల మీద అక్కడ వరకట్న వేధింపుల కేసు పెట్టింది. నాన్నకు పోలీసుల నోటీసు అందింది. ఇండియాలో దిగితే అరెస్టు చేస్తారు, రావద్దని స్నేహితులు అంటున్నారు. ఇక్కడి నుంచే ముందస్తు బెయిలు తెచ్చుకోవచ్చా? ఆమె నగలు అమ్మ లాకరులో ఉన్నాయి. కేసు వెనక్కి తీసుకునేదాకా ఇవ్వవద్దని బంధువుల మాట.

జవాబు: స్నేహితుల సలహా, బంధువుల సలహా, రెండూ మిమ్మల్ని ముంచేవే.

ముందు అరెస్టు భయం సంగతి చూద్దాం. వేధింపుల నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. 2024 జూలై 1కి ముందు జరిగినవాటికి పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 498ఎ సెక్షన్, తర్వాతవాటికి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వర్తిస్తాయి. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం ఉందో లేదో చూడకుండా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లోనే అర్ణేష్ కుమార్ కేసులో చెప్పింది. అందుకే నోటీసు ఇచ్చి విచారణకు పిలుస్తారు. మీ నాన్నగారు లాయరుతో మాట్లాడి, చెప్పిన రోజున హాజరు కావాలి. నోటీసును పక్కన పడేస్తే, అదే అరెస్టుకు కారణం అవుతుంది.

ఇక మీ బెయిలు. పుట్టింట్లో తలదాచుకున్న భార్య అక్కడే ఫిర్యాదు చేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, ఈ కేసు విజయవాడ పరిధిలోకి రాదని వాదిస్తూ కాలయాపన చేయకండి. విదేశం నుంచి దరఖాస్తు వేయవచ్చు గానీ తుది విచారణ నాటికి దేశంలో ఉండాలని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అన్ని కోర్టులూ ఇలాగే చూస్తాయని అనుకోవద్దు. అందుకే వకాలత్నామాను (మీ తరఫున వాదించే అధికారం లాయరుకు ఇచ్చే పత్రం) భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపండి. ఫలానా తేదీన వస్తాను, దర్యాప్తుకు హాజరవుతాను అని అఫిడవిట్ రాసి, కొన్న టికెట్‌ను దానికి జత చేయండి. ఈ మనిషి వస్తాడా, తప్పించుకుంటాడా అన్నదే జడ్జి మనసులో ఉండే ప్రశ్న. టికెట్ దానికి జవాబు చెబుతుంది.

తిరుగు ప్రయాణం గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. అనుమతి లేకుండా దేశం విడిచి వెళ్ళరాదని కోర్టు షరతు పెట్టవచ్చు. ఉద్యోగ సంస్థ లేఖ, వీసా గడువు, తిరిగి చేరాల్సిన తేదీ చూపించి, ప్రయాణానికి అనుమతి అడగమని మీ లాయరుకు చెప్పండి. మీపై లుకౌట్ సర్క్యులర్ (విమానాశ్రయంలో ఆపమని ఇమిగ్రేషన్ అధికారులకు పంపే ఆదేశం) ఉందేమో కూడా ఆయన కనుక్కోవాలి. బెయిలు వచ్చినంత మాత్రాన అది దానంతట అది రద్దు కాదు. ఎత్తివేయమని విడిగా కోరాలి. అంతవరకూ కోర్టు ఉత్తర్వు ప్రతి చేతిలో లేకుండా విమానం ఎక్కకండి.

మీ అమ్మానాన్నలకు విడిగా బెయిలు అడగండి. ఫిర్యాదులో వారి పేర్లు తప్ప ప్రత్యేకమైన సంఘటన ఏదీ లేకపోతే, కేసు కొట్టివేయమని హైకోర్టును కోరవచ్చు. తెలంగాణకు చెందిన ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కేసును కొట్టివేసింది. ఒకవేళ అందులో నిజం ఏదైనా ఉంటే లాయరు దగ్గర దాచకండి.

నగల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. అవి ఆమె స్త్రీధనం. మీవీ కావు, మీ అమ్మగారివీ కావు. అడిగినా ఇవ్వకుండా ఆపితే నమ్మకద్రోహం కింద ఇంకో కేసు ఎదుర్కోవాలి. కేసు మాట అటుంచండి, ఆమె సొత్తు పెట్టుకుని బేరమాడటం తప్పు. ఇరువైపుల పెద్దల ఎదుట ఒక్కో నగ తూచి, జాబితా రాసి, ఫొటోలు తీసి అప్పగించి సంతకం తీసుకోండి. ఆమె సర్టిఫికెట్లు, బట్టలు మీ దగ్గరే ఉంటే అవి కూడా పంపండి.

ఈలోగా ఆమెకు గానీ, మామగారికి గానీ ఫోను చేసి కేసు వెనక్కి తీసుకోమని ఒత్తిడి తేవద్దు. బెయిలు రద్దు చేయమని కోర్టుకు వెళ్ళడానికి వాళ్ళకు అదొక్కటి చాలు. ఆ ఫిర్యాదును ఒకసారి పూర్తిగా చదవండి. ఎక్కడ అబద్ధం ఉందో పట్టుకోవడానికి కాదు, ఆమె దేనికి నొచ్చుకుందో తెలుసుకోవడానికి. కలిసి ఉండటమా, విడిపోవడమా అన్నది జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మధ్యవర్తి సమక్షంలో మాట్లాడుకోవచ్చు. ఆ మాటలు వీడియో కాల్‌లో తేలేవి కావు, ఆ రోజు మీరు ఆమె ఎదుట కూర్చోవాలి.