హింసకు ప్రత్యామ్నాయాలు నేర్పే సంస్థను జీతాల్లేని వాలంటీర్లే నడపగలరా?

నడపగలరు. దాదాపు యాభై ఏళ్ళుగా నడుపుతూనే ఉన్నారు. మీ ప్రశ్నలో రెండో ముక్క ఒకటుంది: "పూర్తికాలం పనిచేసే డైరెక్టర్ లేకపోతే పనిలో క్రమం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని. నా జవాబు ఎక్కువగా దానికే.

ముందు ఈ పని ఎలా పుట్టిందో చూడండి. 1971లో న్యూయార్క్ రాష్ట్రంలోని అటికా జైల్లో తిరుగుబాటు జరిగి 43 మంది చనిపోయారు. నాలుగేళ్ళకు, 1975లో, అదే రాష్ట్రంలోని గ్రీన్ హేవెన్ జైల్లో కొందరు ఖైదీలు దారి తప్పుతున్న కుర్రాళ్ళ కోసం ఏదైనా చెయ్యాలనుకుని క్వేకర్లను, అంటే అహింసను నమ్మే ఒక క్రైస్తవ శాఖవాళ్ళను, సాయం అడిగారు. అలా మొదలైందే ఆల్టర్నేటివ్స్ టు వయొలెన్స్ ప్రాజెక్ట్, పొట్టిగా ఏవీపీ. అడిగినవాళ్ళు ఖైదీలన్న సంగతి మరిచిపోకూడదు. ఇప్పటికీ జైల్లో శిక్షణ పొందిన ఖైదీలు బయటినుంచి వచ్చిన వాలంటీర్ల పక్కనే కూర్చుని, సమానంగా వర్క్‌షాప్ నడుపుతారు. బేసిక్, అడ్వాన్స్‌డ్, ఫెసిలిటేటర్ (అంటే వర్క్‌షాప్ నడిపే మనిషి) శిక్షణ అని మూడు మెట్లు. ఒక్కొక్కటి సుమారు మూడు రోజులు, ఇరవై గంటలు. మూడూ దాటినవాళ్ళు కొన్ని వర్క్‌షాప్‌లు పాతవాళ్ళతో కలిసి చేశాకే చెయ్యి తిరుగుతుంది.

ఇక్కడ నడిపించడమంటే ఏమిటో తెలియాలంటే ముక్కల చతురస్రాల ఆట ఒక్కసారి దగ్గర కూర్చుని చూడాలి. బల్ల చుట్టూ ఐదుగురు, ఒక్కొక్కరి ముందు ఒక కవరు. కవర్లలో వరసగా 3, 4, 2, 2, 4 అట్టముక్కలు, మొత్తం 15. అందరి ముందూ ఒకే కొలత చతురస్రం, ఒక్కోటి మూడేసి ముక్కలతో, తయారైతే ఆట అయిపోయినట్టు. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. పక్కవాడి ముక్క అడగకూడదు, తీసుకోకూడదు. నీ ముక్క ఇంకొకరికి ఇవ్వచ్చు, అంతే.

కాసేపట్లోనే ఒకరి చతురస్రం పూర్తయిపోతుంది. అతను చేతులు కట్టుకుని వెనక్కి వాలతాడు. అతని ముందున్నది చూడ్డానికి నిక్షేపంలాంటి చతురస్రం. చిక్కేమిటంటే, అందులో ఉన్న ఒక ముక్క అతని దగ్గరే ఉన్నంతసేపూ మిగతా నలుగురిలో ఎవరో ఒకరిది ఎప్పటికీ పూర్తవదు. ఆ ముక్కలతో ఒకటి రెండు చతురస్రాలు చాలా రకాలుగా పేర్చచ్చు, ఐదూ కలిసి కుదిరే పేర్పు మాత్రం ఒకటే. మిగతావాళ్ళు ముక్కలు తిప్పుతారు, ఇస్తారు, మళ్ళీ తిప్పుతారు. ఒకరి చెయ్యి అతని ముక్క మీదికి వెళ్ళి ఆగుతుంది. ఇంకొకరు కుర్చీ వెనక్కి నెడతారు. గదిలో ఉక్క పెరుగుతుంది. ఎప్పటికో అతను తల తిప్పి అందరి ముందూ ఏముందో చూస్తాడు. తన చతురస్రం చూసుకుంటాడు. దాన్ని తనే విప్పి ఒక ముక్క పక్కకు జరుపుతాడు. అక్కణ్ణుంచి ఐదూ పూర్తవడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ క్షణాన్ని పాడుచేసేది సాధారణంగా ఫెసిలిటేటరే. "చూశారా, త్యాగం చేస్తేనే అందరూ గెలుస్తారు" అని పాఠం చెప్పేస్తాడు. అలా చెప్పకండి. అడగండి. నీది పూర్తయ్యాక నీకేమనిపించింది? అతను చేతులు కట్టుకుని కూర్చుంటే నీకేమనిపించింది? అడిగి ఊరుకోండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. మౌనం భరించలేక మీరు నోరు తెరిస్తే, రాబోయే మాట వెనక్కి వెళ్ళిపోతుంది.

సామాన్ల విషయంలోనూ నిర్లక్ష్యం వద్దు. అట్టలు కత్తెరతో ఉజ్జాయింపుగా కోస్తే ముక్కలు అతకవు, తప్పు అట్టదా తమదా అని ఆడేవాళ్ళకు అనుమానం మొదలవుతుంది. మందపాటి అట్ట మీద స్కేలుతో గీసి బ్లేడుతో కొయ్యండి. రెండు సెట్లుంటే రెండు రంగులు వాడండి. ప్రతి కవరుకూ ఒక అక్షరం పెట్టి, ప్రతి ముక్క వెనక దాని కవరు అక్షరం రాయండి. ఆట కాగానే 15 లెక్కపెట్టండి. ఒక్క ముక్క పోతే తర్వాతి గుంపు ఎంత తంటాలు పడినా ఆట తేలదు, వాళ్ళకొచ్చే కోపం నిజమైన కోపం. జైలుకు వెళ్ళేటప్పుడు బ్లేడు, కత్తెర వంటివి గేటు దాటనివ్వరు కాబట్టి అన్నీ బయటే కోసుకుని, సామాన్ల జాబితా రాసుకుని, వచ్చేటప్పుడు అదే జాబితాతో సరిచూసుకోవాలి. ఖైదీలను లెక్కపెట్టే వేళ తెలుసుకుని సెషన్లు దాని చుట్టూ వేసుకోవాలి. రోల్‌ప్లే (పాత్రలు వేసి ఒక సన్నివేశం ఆడి చూడటం) మధ్యలో లెక్కకు పిలిస్తే, పాత్రలో ఉన్న మనిషి ఆ కోపంతోనే వరండాలోకి వెళ్తాడు. రోల్‌ప్లే అయ్యాక ప్రతి ఒక్కరూ తన సొంత పేరు పైకి చెప్పి, "ఆ పాత్ర నేను కాదు" అని పాత్ర వదిలెయ్యడం తప్పనిసరి. టైము చాలకపోతే చర్చ తగ్గించండి గానీ ఇది మాత్రం వదలొద్దు.

ఇక మీరడిగిన క్రమం. అది టీమ్ అలవాట్లలోంచి వస్తుంది. ఒంటరిగా ఎవరూ వర్క్‌షాప్ చెయ్యకూడదు. పదిహేను మంది పాల్గొంటే టీమ్‌లో కనీసం ముగ్గురు, నలుగురైతే ఇంకా మంచిది. ముందుగా ఒక పూట కలిసి కూర్చుని ఎవరు ఏ ఆట నడపాలో, ఎవరికి ఏ విషయంలో తొందరగా కోపమొస్తుందో చెప్పుకోవాలి. ప్రతి వర్క్‌షాప్‌కీ ఒక లీడ్ ఉండాలి, ఆ పని అందరికీ వంతుల వారీగా రావాలి. ప్రతి సెషన్ అయ్యాక టీమ్ విడిగా కూర్చోవాలి. నడిపినవాళ్ళే ముందు మాట్లాడాలి: ఏది బాగా వచ్చింది, మళ్ళీ చేస్తే ఏం మారుస్తాను. ఆ తర్వాతే మిగతావాళ్ళు. అలసిపోయామని దీన్ని ఎగ్గొడితే మూడో రోజుకల్లా ఇద్దరు ఫెసిలిటేటర్లు ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తుంటారు. వలయంలో కూర్చున్నవాళ్ళు అది ఇట్టే పసిగడతారు. జైల్లో ఏళ్ళ తరబడి మనుషుల ముఖాలు చదువుతూ బతికినవాళ్ళ దగ్గర దాచడం ఎవరి తరమూ కాదు.

మీరు అడగకపోయినా రెండు మాటలు చెప్పాలి. ఒకటి, బలవంతపు హాజరు. అధికారులు, డబ్బిచ్చేవాళ్ళు "మా దగ్గర ముప్పైమంది ఉన్నారు, అందరికీ పెట్టండి" అంటారు. ఒప్పుకోకండి. తన ఇష్టంతో రాని మనిషి మొదటి పూటే తెలిసిపోతాడు: పేరు ముందు తన పేరు అక్షరంతోనే మొదలయ్యే ఒక మంచి విశేషణం తగిలించుకోమంటే, 'సరదా సరళ' లాగా, "ఏదో ఒకటి రాసుకోండి" అంటాడు. ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్ళుంటే వలయమంతా బిగుసుకుపోతుంది. పదిమందే వస్తే పదిమందితోనే చెయ్యండి.

రెండు, దారి ఖర్చులు. జీతం తీసుకోకపోవడం వేరు, సొంత డబ్బు పెట్టుకోవడం వేరు. బస్సు ఛార్జీ, భోజనం, చార్టు పేపర్ల ఖర్చు సంస్థే ఇవ్వాలి, అదీ ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేకుండా. లేకపోతే కొన్నాళ్ళకు వెసులుబాటు ఉన్నవాళ్ళే మిగులుతారు. హింసను దగ్గరగా చూసినవాళ్ళు, జైలునుంచి విడుదలై వచ్చినవాళ్ళు, ఎవరి మాట అందరూ వింటారో వాళ్ళే, మెల్లగా రావడం మానేస్తారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

కమిటీ గురించి ఎక్కువ చెప్పను. నిర్ణయాలు ఓట్లతో కాకుండా అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుని తీసుకోండి. ఓడిపోయిన మైనారిటీని మిగిల్చే సంస్థ ఈ పని నేర్పలేదు. కోశాధికారి, తేదీలు కుదిర్చేవాళ్ళు, జైలుతో మాట్లాడేవాళ్ళు, శిక్షణ రికార్డులు చూసేవాళ్ళు, ఈ నాలుగు పనులకూ ఇద్దరేసి ఉండాలి, రెండేళ్ళకు మారాలి. ఒక్కరి ఫోన్‌లోనే అన్ని నంబర్లూ ఉంటే, ఆ ఒక్కరికి జ్వరమొస్తే వర్క్‌షాప్ ఆగిపోతుంది. కమిటీలో ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకటైనా వర్క్‌షాప్ నడపాలని నియమం పెట్టుకోండి. వలయంలో కూర్చోవడం మానేసిన కమిటీ నెమ్మదిగా మీటింగుల సంస్థ అయిపోతుంది.

మొదటి ఏడాది నాలుగైదు వర్క్‌షాప్‌లకు మించి ఒప్పుకోకండి. ఏడాది చివరికి మూడు మెట్లూ ఎక్కినవాళ్ళు కొత్తగా ఆరుగురు తేలితే, రెండో ఏడాది రెండు టీమ్‌లు పెట్టుకోవచ్చు.