పోర్చుగీసువాళ్ళు తెల్లవాళ్ళు కారా?

ప్రశ్న: మా అబ్బాయి టొరంటోలో అద్దెకుండే ఇంటి ఓనరమ్మది గయానా. మనిషి తెల్లగా ఉంటుందట. "మేం పోర్చుగీసు, మా దేశం జనాభా లెక్కల్లో తెల్లవాళ్ళు వేరు, మేం వేరు" అంటుందట, తీరా చూస్తే పోర్చుగీసు ముక్క రాదు. పోర్చుగల్ యూరప్‌లోనే కదండీ ఉంది? - ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: యూరప్‌లోనే ఉందండీ. కానీ దక్షిణ అమెరికాలో ఒకప్పటి బ్రిటిష్ కాలనీ అయిన గయానాలో ఈ లెక్క మ్యాపు చూసి కట్టింది కాదు, ఎవరు ఏ పని కోసం ఓడ దిగారో చూసి కట్టింది. 1834లో బ్రిటిష్ కాలనీల్లో బానిసత్వం రద్దయ్యేసరికి చెరకు తోటల దొరలకు కూలీల బెంగ పట్టుకుంది. 1835 మే నెలలో పోర్చుగల్‌కు చెందిన మదైరా దీవి నుంచి 40 మందిని తెచ్చి దింపారు. మన దేశపు కూలీల మొదటి ఓడలు అక్కడికి చేరింది 1838లో, అంటే మూడేళ్ళ తర్వాత. ఆ తర్వాతి యాభై ఏళ్ళలో మదైరా వైపు నుంచి వచ్చినవాళ్ళు సుమారు 30 వేలు. ఇక చూడండి తమాషా: దొర అంటే గుర్రమెక్కి అజమాయిషీ చేసేవాడు, ఎండలో కత్తి పట్టుకుని చెరకు నరికేవాడిని దొరల లెక్కలో వేస్తే ఇక దొరతనానికి విలువేముంది? పైగా వీళ్ళు క్యాథలిక్కులు, ఇంగ్లీషు రాదు. అందుకని 'యూరోపియన్లు' ఒక గడి, 'పోర్చుగీసు' ఇంకో గడి. గయానాను ఆరు జాతుల దేశం అంటారు కదా, ఆ ఆరులోనూ వీళ్ళిద్దరూ వేర్వేరే.

జ్వరాలతో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు కాంట్రాక్టు అయిపోగానే తోట వదిలేసి చిల్లర కొట్లు, రమ్ము దుకాణాలు పెట్టుకున్నారు. హోల్‌సేల్ వర్తకులు వీళ్ళకు సరుకు అప్పిచ్చారు, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళకు మాత్రం ఇవ్వలేదు. ఆ కడుపుమంటే 1856 అల్లర్లలో బయటపడింది, పోర్చుగీసు కొట్లు లూటీ అయ్యాయి. దొరలకు వీళ్ళు కూలోళ్ళు, కింద ఉన్నవాళ్ళకు షావుకార్లు. పేరు వేరుగా నిలిచిపోవడానికి ఇది కూడా కారణమనే నా ఉద్దేశం. తర్వాత డబ్బొచ్చింది, హోదా వచ్చింది, 1960ల్లో పీటర్ డి అగియార్ ఆర్థిక మంత్రి కూడా అయ్యాడు. ఆ రోజుల నుంచే కెనడాకు వలసలు పెరిగాయి, 2012 లెక్కల నాటికి ఆ గడిలో మిగిలింది రెండు వేల లోపే.

భాష ఇంగ్లీషు బళ్ళలో పోయింది గానీ వంటింట్లోది పోలేదు. డిసెంబరులో ఆవిడ వంటగదిలోకి ఒకసారి తొంగి చూడమనండి. జాడీలో పంది మాంసం ముక్కలు, వాటికి వెనిగర్, దంచిన వెల్లుల్లి, థైమ్ ఆకు, మిరపకాయ పట్టించి రోజుల తరబడి ఊరబెట్టి, క్రిస్మస్ పొద్దున వేయిస్తారు. గార్లిక్ పోర్క్ అంటారు. పోర్చుగీసులో దాని పేరు 'విన్యా దాల్యోస్', గోవాలో ఇదే మన మసాలాలు కలిసి విందాలూ అయి కూర్చుంది.

ఇంకో ముచ్చట. మన పాత చరిత్ర పుస్తకాల్లో పోర్చుగీసువాళ్ళను 'బుడతకీచులు' అంటారు, గయానా వాడుక మాటలో 'పుటగీ'. రెండు చోట్లా ఒకే పేరు అలా నలిగింది.

ప్రశ్న: అమెరికాలో పోర్చుగీసువాళ్ళు హిస్పానిక్ కిందికి వస్తారా? - ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఏ ఫారం ముందు పెడతారో దాన్ని బట్టి! సెన్సస్‌లో హిస్పానిక్ అంటే స్పానిష్ సంస్కృతి, కాబట్టి వీళ్ళు రారు. కానీ రోడ్లు, వంతెనల కాంట్రాక్టుల్లో వెనకబడ్డవాళ్ళకు వాటా ఇచ్చే రవాణా శాఖ నిబంధనల్లో చాలా ఏళ్ళపాటు 'స్పానిష్ లేదా పోర్చుగీసు' అనే రాసి ఉంది. అదే మనిషి, రెండు ఆఫీసులు.

హవాయిలో అయితే అచ్చం గయానా కథే. 1878లో మదైరా నుంచి చెరకు తోటలకు కుటుంబాలతో సహా వచ్చారు. 1930 సెన్సస్ వరకు 'పోర్చుగీసు' ఒకటి, 'ఇతర తెల్లవాళ్ళు' ఒకటి, 1940లో రెండూ కలిపేశారు. ఒక్క సెన్సస్ తేడాతో తెల్లవాళ్ళయిపోయారన్నమాట. ఈలోపు వాళ్ళు తెచ్చిన చిన్న గిటారు లాంటి వాయిద్యం ఉకులేలే అయ్యి హవాయి గుర్తుగా మారింది. వాళ్ళ మలసాడాలు, అంటే నూనెలో వేయించి పంచదారలో దొర్లించిన బూరెల్లాంటివి, ఇప్పుడు అక్కడ అందరి టిఫినూ.

ప్రశ్న: గయానా లెక్కల్లో మన తెలుగువాళ్ళెక్కడ? - ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తెలుగుకు గడి లేదు. భోజ్‌పురి, తమిళం, తెలుగు అన్నీ కలిపి 'ఈస్ట్ ఇండియన్' ఒక్కటే. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళంతా, తెలుగైనా తమిళమైనా, అక్కడ 'మద్రాసీ'లయ్యారు. భాష వీళ్ళకూ పోయింది. కాళీమాయి గుళ్ళు మాత్రం నడుస్తున్నాయి. అక్కడ పూజలో వాయించే డప్పును ఇప్పటికీ 'తప్పు' అనే అంటారు.